గోడ అవతలి సవతి

నాకు సవతి ఉందని చెబితే మా సంఘంలో ఆడవాళ్ళెవరూ నమ్మరు. మా ఆయన దేవరాజు లాంటి మనిషి చందానగర్ మొత్తం వెతికినా దొరకడని వాళ్ళ నమ్మకం. తాగడు, అరవడు, ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా పక్కనే నడిచి చర్చికి వస్తాడు. అంతా నిజమే. కానీ ఆయన మనసు ఎక్కడుంటుందో ఇరవై ఏడేళ్ళుగా కాపురం చేస్తున్న నాకు తెలుసు. నా సవతి బరువు నూట పది టన్నుల పైమాటే. డీజిల్ తాగుతుంది, పొగ వదులుతుంది. మా ఇంటి వెనక గోడకి అవతల, పట్టాల మీద ఉంటుంది.

దాని నంబరు చివర నలభై రెండు ఉంది కాబట్టి రైలింజన్లు బాగుచేసే షెడ్డులో అందరూ దాన్ని నలభై రెండు అనేవాళ్ళు. మా ఆయన ఇంజన్ ఫిట్టరు. జనగామ దగ్గర పల్లెలో పుట్టి, ఐటీఐ చదివి, ఇరవై మూడేళ్ళకి షెడ్డులో చేరాడు. ఆయన చేరిన నెలలోనే అది కూడా కొత్త రంగు వాసన కొడుతూ షెడ్డులోకి వచ్చిందట. నేను బాపట్ల నుంచి పెళ్ళి చేసుకుని హైదరాబాదు వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకి. ఆ లెక్కన చూస్తే సవతిని నేనే.

పెళ్ళైన మూడో రోజు నన్ను తయారవమన్నాడు. ట్యాంక్‌బండ్‌కో జూపార్కుకో తీసుకెళ్తాడనుకుని పట్టుచీర కట్టుకున్నాను. తీసుకెళ్ళింది షెడ్డుకి. నూనె మరకల మీద చెప్పులు జారుతుంటే నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి నడిపించాడు.

"సారా, గీడ చెయ్యి పెట్టు. గుండె కొట్టుకుంటది చూడు," అన్నాడు.

పెట్టాను. అరచెయ్యి జివ్వుమంది. తర్వాత డ్రైవరుకి సైగ చేసి ఇంజన్ ఆపించాడు. ఇంజన్ ఆగింది గానీ లోపల ఏదో ఈల వేస్తూనే ఉంది. అప్పుడు నాకు పాఠం చెప్పాడు. ఇంజన్‌కి గాలి ఊదే చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని టర్బో అంటారు. ఇంజన్ ఆపేసినా అది వెంటనే ఆగదు. ఈల వేసుకుంటూ తనంత తాను తిరిగి తిరిగి, నెమ్మదించి, ఆగుతుంది. ఆ ఈల ఎన్ని సెకన్లు వినిపించిందో లెక్కపెట్టి పుస్తకంలో రాయడం ఫిట్టరు పని. తొంభై దాటితే క్షేమం. తొంభైలోపు ఆగిందంటే లోపల బేరింగు అరిగిపోతోందని అర్థం.

ఆయన కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. నూట పది దగ్గర కళ్ళు తెరిచి నవ్వాడు. ఆ నవ్వు మా పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాన్లో కూడా లేదు. ఇంటికొచ్చి ఆల్బమ్ మొత్తం తిరగేసి చూసుకున్నాను.

అప్పుడు అంటుకుంది నా కడుపులో మంట. నాది చిన్న బుద్ధే కావచ్చు. ఇనపముక్క మీద కుళ్ళుకునే ఆడదాన్ని నేనెక్కడా చూడలేదు. కానీ మా హాల్లో గోడకి వేలాడే ఫోటో చూసి మాట్లాడండి. పదో పెళ్ళిరోజుకి ఫోటో దిగుదామని నేను పోరితే, ఫోటోగ్రాఫర్‌ని షెడ్డుకే రప్పించాడు. ఆ ఫోటోలో ఎడమ పక్కన ఆయన, కుడి పక్కన నేను, మధ్యలో అది. చుట్టాలెవరైనా వస్తే, "ఎంత బాగుందండీ మీ జంట," అంటారు. ఏ జంటో నేనడగను.

దసరాకి షెడ్డులో ఆయుధపూజ చేస్తారు. మాకు ఆ పూజ లేదు కాబట్టి ఆయన బొట్లు పెట్టడు, కొబ్బరికాయ కొట్టడు. కానీ నలభై రెండు బోసిగా నిలబడితే చూడలేడు. గుడిమల్కాపూర్ పూలమార్కెట్ దాకా పోయి బంతిపూల దండ తెచ్చి, "అలంకారమేగదనే, పూజ గాదు," అని నాకే సంజాయిషీ చెప్పుకునేవాడు. నాకు మల్లెపూలు తెమ్మంటే మాత్రం దారిలో దొరకలేదనేవాడు. హైదరాబాదులో అడుగడుక్కీ పూలబండ్లే.

ఆయనకి షెడ్డులో ఒక పేరుండేది. చెవులోడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, పదహారు సిలిండర్లలో ఏది మూలుగుతోందో చెప్పేవాడు. పెద్ద మిషన్లు పెట్టి చూసినా ఆయన చెప్పిందే తేలేది. చర్చి కోయిర్‌లో కూడా ఆయన పాడుతుంటే ఎవరు శ్రుతి తప్పారో తిరిగి చూడకుండానే చెప్పేవాడు. అంత చెవి ఉన్న మనిషికి, వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం వినబడేది కాదు. ఇదివరకు రెండో పిలుపుకి పలికేవాడు. ఈ రెండేళ్ళుగా నాలుగో పిలుపుకి కూడా దిక్కులేదు. వరండాలో కుర్చీ వేసుకుని, వెనక గోడ కేసి చూస్తూ కూర్చుంటాడు. కోయిర్ మానేశాడు. మా అమ్మాయి ఎవాంజెలిన్ ఆఫీసు కబుర్లేవో చెబుతుంటే తల ఊపి, మధ్యలో సంబంధం లేకుండా నవ్వుతాడు. మనిషి ఇక్కడ, మనసు అక్కడ అని పళ్ళు నూరుకునేదాన్ని.

గోడ అవతలికి అది ఎలా వచ్చిందో చెప్పాలి. లైన్లన్నీ కరెంటువి అయిపోయాక డీజిల్ ఇంజన్లని ఒక్కొక్కటే తీసేశారు. నలభై రెండుకి ముప్పై ఆరేళ్ళ ఆయుష్షు రాసి ఉంది, అప్పటికి ఇంకా తొమ్మిదేళ్ళు మిగిలింది. దాన్ని పట్టాల కింద కంకర పోసే బండికి తగిలించారు. కరెంటు ఆపి తీగల కింద పని చేసేటప్పుడు డీజిల్ ఇంజనే కావాలి కదా. ఆ బండిని చందానగర్ దగ్గర పక్క లైన్లో నిలబెట్టి, దాన్ని చూసుకోడానికి ఒక ఫిట్టరు కావాలన్నారు. తోటివాళ్ళంతా కరెంటు ఇంజన్ల ట్రైనింగ్‌కి పోతుంటే మా ఆయన చెయ్యెత్తి ఇక్కడికొచ్చాడు. కిరాయికి ఇల్లు కూడా సరిగ్గా ఆ లైను గోడకి ఆనుకున్నదే చూశాడు.

"నాకు పదేండ్ల సర్వీసుంది, దానికి తొమ్మిదేండ్లుంది. ఇద్దరం ఓ ఏడాది అటిటుగ ఒక్కపాలే దిగిపోతం," అన్నాడు సామాను దించుతూ.

ఇద్దరం అంటే నేనూ ఆయనా అనుకునేరు.

రోజూ తెల్లారకముందే అది పనికి పోయేది. హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, ఎక్కడ పనుంటే అక్కడికి. ఆఫీసుల రైళ్ళు మొదలయ్యేలోపు ఏడున్నరకల్లా తిరిగొచ్చి గోడ అవతల ఆగేది. సరిగ్గా అప్పుడే నేను స్టవ్ మీద అన్నం పెట్టి, ఎవాంజెలిన్‌కి డబ్బా సర్దుతూ ఉంటాను. తొమ్మిదింటికి నేను మదీనాగూడలో పిల్లల ఆసుపత్రికి డ్యూటీకి పోవాలి. అక్కడ నర్సుని. ఇంజన్ ఆగడం, ఈల మొదలవడం, నా నోట్లో లెక్క మొదలవడం. వద్దనుకున్నా ఆగేది కాదు. ఒకటి, రెండు, మూడు. సవతి ఇంటికొచ్చి చెప్పులు విప్పినట్టు. నూట ఎనిమిది, నూట పది, నూట పన్నెండు. రెండేళ్ళు విన్నాను. అది ఏ రోజు ఎలా ఉందో దాని డ్రైవరు సాయిలు కంటే నాకే బాగా తెలుసు.

మొన్న ఆగస్టులో ఒక సోమవారం ఈల ఎనభై నాలుగు దగ్గర ఆగిపోయింది.

చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డాను. లెక్క తప్పానేమో అనుకున్నాను. మంగళవారం జాగ్రత్తగా గడియారం చూసి లెక్కపెట్టాను. డెబ్భై ఆరు. పైగా ఈల చివర్లో చిన్న గరగర. పెళ్ళైన మూడో రోజు చెప్పిన పాఠం నాకింకా గుర్తుంది. చెప్పాలనే అనుకున్నాను, నిజంగా. ఆయన టిఫిన్‌కి వచ్చి కూర్చుంటే స్టవ్ దగ్గర్నుంచే పిలిచాను.

"ఏవండీ, మీ ఇంజన్..."

పలకలేదు. గోడ కేసి చూస్తూ ఉప్మా తింటున్నాడు.

"ఏవండీ, మిమ్మల్నే."

చేయి కడుక్కుని లేచిపోయాడు. నా ఒళ్ళు మండిపోయింది. అయినా సాయంత్రం చెబుదాంలే అనుకుని బట్టలు ఆరేయడానికి మేడ మీదకి ఎక్కాను. అక్కడి నుంచి గోడ అవతల అంతా కనబడుతుంది. ఇంజన్‌ని మళ్ళీ ఒకసారి నడిపించి ఆపించి, ఆయన దాని పక్కన సన్నటి నడవా మీద నిలబడి ఉన్నాడు. తలుపులు తెరిచి, రెండు చేతులూ చాచి దాని ఒంటికి ఆనించి, చెంప ఆ ఇనుముకి పెట్టి, కళ్ళు మూసుకుని. అలా ఎంతసేపున్నాడో. నేను రెండు దుప్పట్లు ఆరేసేదాకా కదల్లేదు.

ఇరవై ఏడేళ్ళలో నా చెంపకి చెంప ఆనించి అలా నిలబడ్డ రోజు ఒక్కటి గుర్తు చేసుకుందామని చూశాను. దొరకలేదు. కానుపప్పుడు కూడా మంచం పక్కన స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు. క్లిప్పు పెడుతుంటే నా వేలు నలిగి రక్తం వచ్చింది. సరే, అనుకున్నాను. అంత ప్రేమున్నవాడివి, దాని ఒంట్లో ఏముందో నువ్వే కనుక్కో. నేనెందుకు చెప్పాలి? సవతికి జ్వరమొస్తే వైద్యుణ్ణి పిలిచే ఆడదెవరైనా ఉంటుందా? నోరు కుట్టేసుకున్నాను.

బుధవారం అరవై తొమ్మిది. గురువారం అరవై. శుక్రవారం యాభై ఒకటి, ఆ గరగర గోడకి అవతల పనివాళ్ళకి కూడా వినిపించి ఉండాలి, చెవులోడు ఉండగా మనకెందుకని ఊరుకుని ఉంటారు. ఆ సాయంత్రం ఆయన చొక్కాకి గుండీ కుడుతూ, రేపు ఏమవుతుందో చూద్దామన్నట్టు ఎదురుచూశాను కూడా. దేవుడి దగ్గర దాచి లాభం లేదు, ఎదురుచూశాను.

శనివారం పని ఆలస్యమైంది. ఎనిమిది దాటినా గోడ అవతల ఖాళీగానే ఉంది. ఆయన పట్టాల పక్కనే పచార్లు చేస్తున్నాడు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా ఎవాంజెలిన్ ఫోన్ చేసింది. తనకి శనివారం కూడా ఆఫీసే. అప్పుడే హైటెక్ సిటీ స్టేషన్లో దిగిందట.

"మమ్మీ, డాడీ ఇంజన్ పేలింది," అంది.

పేలడమంటే బాంబు పేలినట్టు కాదు. స్టేషన్ దగ్గరికొస్తూ పెద్ద చప్పుడు చేసి, నల్లటి పొగ చిమ్మి, ప్లాట్‌ఫాం పక్కనే నిలబడిపోయింది. వెనక కంకర డబ్బాలు. ఆ వెనక ఆఫీసులకి పోయే జనంతో కిక్కిరిసిన రైలు. మెడలో ఐడీ కార్డులేసుకున్న పిల్లలంతా ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారట. పక్కనున్న కుర్రాడు, "ఈ డబ్బా ఇంకా నడుస్తోందా? ఎవరిది బాబూ ఇది?" అని నవ్వితే, మా అమ్మాయి, "మా డాడీది," అందట. నాకు ఫోన్లో ఆ మాట చెబుతూ ఏడ్చింది.

నేను మాత్రం ఏడవలేదు. ఫోన్ పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఒక నిమిషం సంతోషపడ్డాను.

సోమవారం షెడ్డు నుంచి మహేందర్ సారు అనే ఆఫీసరు వచ్చి చూశాడు. ఆ సంగతి సాయిలు మా వరండాలో నిలబడి నాకు చెప్పాడు. "టర్బో ముక్కలైంది వదినా. ఆ ముక్కలు లోపటికి పోయి ఇంజన్‌ను ఆగం పట్టించినయ్. సారు పుస్తకం తెరిచి చూసిండు. అన్న రోజూ నూట పది, నూట పది అని రాసిండు. శుక్రవారం గూడ నూట పదే. 'దేవరాజూ, విన్నవా నువ్వు?' అని అడిగిండు సారు. అన్న 'విన్న' అన్నడు. చెవులోడు విన్నా అంటే ఎవడు కాదంటడు? సారు ఇంకో మాట అడగలే."

నూట పది. నేను విన్నది యాభై ఒకటి. నాకు వినబడింది ఆయనకి వినబడలేదంటే అర్థమేమిటి? ఆ ప్రశ్న నాకు రావాలి. కానీ వచ్చింది ఇంకొకటి. ప్రేమ ఎక్కువై దాని తప్పు కప్పిపుచ్చాడు అనుకున్నాను. నా మీద ఎప్పుడైనా అలా అబద్ధమాడాడా?

ఆ తర్వాత పది రోజులు ఆయన మనిషిలా లేడు. డ్యూటీ కాగానే షెడ్డుకి పరుగు. పక్కన పెట్టేసిన ఇంజన్లలో మంచి టర్బో ఒకటుంది, దాన్ని తెచ్చి నలభై రెండుకి బిగిస్తాను, పగిలిన సిలిండర్లు నేనే మారుస్తాను, సెలవులో వచ్చి చేస్తాను అని అర్జీ రాశాడు. ఎవాంజెలిన్ చేత టైపు చేయించి మూడు చోట్ల ఇచ్చాడు. రాత కింద సంతకం పెట్టే ముందు ప్రతి కాగితాన్నీ ఆయన రెండేసిసార్లు చదువుకోవడం చూశాను. జాలేసింది, ఆ జాలి మీద మళ్ళీ కోపమొచ్చింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఈ మనిషి ఒక్కరోజు సెలవు పెట్టాడు. బుధవారం ప్రార్థన కూడికలో అందరూ కళ్ళు మూసుకుని తమ తమ కోరికలు చెప్పుకుంటుంటే, ఆ అర్జీ చెల్లకూడదని నేను కోరుకున్నాను. పైకి మాత్రం అమ్మాయి పెళ్ళి గురించి అన్నాను.

అర్జీ చెల్లలేదు. ఇంకా ఏడేళ్ళ ఆయుష్షు ఉన్నా సరే, ఇక దీన్ని లేపేది లేదు, లెక్కలోంచి తీసేస్తున్నాం అని కాగితం వచ్చింది. ఆ రోజు నేను తలస్నానం చేసి, మల్లెపూలు నేనే కొనుక్కుని పెట్టుకుని, రొయ్యల ఇగురు చేశాను. ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కలిపి, కలిపినది కలిపినట్టే ఉంచి లేచాడు. నా పూల వైపు చూడలేదు. చచ్చినా వదల్లేదు ఇది, అనుకున్నాను.

దాన్ని తీసుకుపోవడానికి ఒక గురువారం పొద్దున పదకొండింటికి కరెంటు ఇంజన్ వచ్చింది. హైటెక్ సిటీ నుంచి తెచ్చి మళ్ళీ గోడ అవతలే పెట్టి ఉంచారు అప్పటిదాకా. నేను ఆ రోజు సెలవు పెట్టాను. ఎందుకో నాకే తెలియదు. సవతి ఇల్లు వదిలిపోతుంటే చూడాలని కావచ్చు. ఆయన కిందకి పోలేదు. మేడ మీద పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను బట్టల బకెట్టు పట్టుకుని వెనకాలే ఎక్కాను.

కరెంటు ఇంజన్ వచ్చి తగులుకుంది. కింద సాయిలు జెండా ఊపాడు. నలభై రెండు కదిలింది. పొగ లేదు, చప్పుడు లేదు, శవాన్ని మోసుకుపోతున్నట్టే ఉంది. వెనక నుంచి ఆయన మెడ చూశాను. నరం ఒకటి కొట్టుకుంటోంది.

"నాకు తెలుసండీ," అన్నాను. "సోమవారం నుంచే తెలుసు. ఎనభై నాలుగు, డెబ్భై ఆరు, అరవై తొమ్మిది, అరవై, యాభై ఒకటి. వంటింట్లోంచి అన్నీ లెక్కపెట్టాను. ఆ సోమవారమే చెప్పుంటే షెడ్డుకి తీసుకెళ్ళి బేరింగు మార్చేవాళ్ళు. అది బతికేది. నేనే చెప్పలేదు."

ఆయన వెనక్కి తిరగలేదు. కోపం అనుకున్నాను. ఆయనకి కోపం రాగా నేనెప్పుడూ చూడలేదు, ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను.

"దాన్ని మీరు అలా కావలించుకుని నిలబడితే చూడలేకపోయాను. కుళ్ళుకున్నాను. అది పోవాలనే కోరుకున్నాను. దేవుణ్ణి కూడా అదే అడిగాను. తిట్టండి నన్ను. ఒక్కసారి తిరిగి చూడండి."

కదల్లేదు. భుజం కూడా కదల్లేదు. అంత మాట విన్న మనిషి ఊపిరైనా మారాలి. నేను నర్సుని. ఆసుపత్రిలో పసిపిల్లల వెనక నిలబడి గంట వాయించి, తల తిప్పుతున్నారో లేదో చూసేది నేనే. చేతిలో ఉన్న ఇనప బకెట్టుని ఎత్తి నేలకేసి కొట్టాను. కింద వీధిలో కుక్క లేచి మొరిగింది. పక్కింటి రూబీ కిటికీ తెరిచి చూసింది. ఆయన మాత్రం పట్టాల కేసి అలాగే చూస్తున్నాడు.

అక్కడే కూర్చుండిపోయాను. నాలుగో పిలుపుకి పలకని మనిషి. కోయిర్ మానేసిన మనిషి. కూతురు మాట్లాడుతుంటే సంబంధం లేకుండా నవ్వే మనిషి. రోజుకి నలభై మంది పిల్లల్ని చూసే నేను, ఇంట్లో ఉన్న మనిషికి చెవులు పోయాయని రెండేళ్ళుగా కనిపెట్టలేకపోయాను. కుళ్ళు నా కళ్ళు కప్పేసింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆయన నా మాటలేవీ వినలేదు. అంటే నేనేమీ చెప్పనట్టే. ఇక జన్మలో చెప్పనక్కర్లేదు. లేచి, బకెట్టు తీసుకుని, కిందకి దిగిపోతే సరిపోతుంది.

అప్పుడు ఆయన తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడొచ్చినవే?"

లేచి ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. నోరు బాగా తెరిచి, మాట మాటా విడదీసి అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి వినబడటం లేదు?"

నా పెదవుల వైపు చూశాడు. తల దించుకున్నాడు. "రెండేండ్లాయె. ఎడమది పూరాగ పోయింది. కుడిది గూడ పోయినట్టే. మనిషి ఎదురుంగుంటే పెదాలు జూస్తే సగం సమజైతది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే దవాఖానకు తోల్కపోతవు. కాగితం రాస్తరు. చెవుల్లేని ఫిట్టరు ఎందుకు పనికొస్తడే? సామాను గదిల కూసోబెడ్తరు. దాని కాడికి రానియ్యరు."

మళ్ళీ అదే. అంత బాధలోనూ సవతి గొడవే. "మరి ఈల ఎలా లెక్కపెట్టారు?" అని అడిగాను.

ఆయన అరచేత్తో చెంప తడుముకున్నాడు. "ఇనుముకు చెంప ఆనిస్తే ఎముకల తెలుస్తది, అదురు ఆగిందాక లెక్కపెడ్తుంటి. మొదలు నూట పది దాక వచ్చేది. ఆ వారం ఎనభై అయింది, అర్వై అయింది, యాభై అయింది. నా చెంప మీద నాకే నమ్మకం రాలే. అదిగూడ పోయిందేమో అనుకున్న. సాయిలును వినమంటే నా సంగతి బయటవడ్తది. పరేషానై నూట పది రాసిన." పట్టాల వైపు చెయ్యి చూపించాడు. "ఒక్కడన్నా విని చెప్పేటోడు ఉంటే అది బతుకుతుండె, సారా."

నేను మేడ మీద నుంచి చూసి మండిపోయింది దీనికి. చెవులు పోయిన మనిషి ఇంజన్ ప్రాణం ఉందో లేదో చెంపతో వెతుక్కుంటున్నాడు. నేను దుప్పట్లు ఆరేస్తూ పళ్ళు నూరాను.

గట్టిగా అరిచి చెబితే వీధంతా వింటుంది. రూబీ ఇంకా కిటికీలోనే ఉంది. దగ్గరికి జరిగి, ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి, నా చెంప ఆయన చెంపకి గట్టిగా ఆనించాను. గడ్డం గరుకుగా గుచ్చుకుంది. డీజిల్ వాసన. మొదటి నుంచీ చెప్పాను. ఎనభై నాలుగు. డెబ్భై ఆరు. అరవై తొమ్మిది. అరవై. యాభై ఒకటి. నేను విన్నాను. చెప్పలేదు. కుళ్ళుతో చెప్పలేదు.

ఎముకకి ఎముక ఆనింది, మాట లోపలికి పోయింది. ఆయన ఒళ్ళంతా బిగుసుకోవడం నాకు తెలిసింది. మెల్లగా నా చెయ్యి తీసేసి, వెనక్కి జరిగి, నా మొహం చూశాడు.

"విన్నవా?"

తల ఊపాను.

"అన్ని దినాలు?"

ఊపాను.

పిట్టగోడ మీద కూర్చున్నాడు. పట్టాల మీద అప్పటికి ఏమీ లేదు, ఖాళీ లైను, అది నిలబడ్డ చోట నూనె మరక. నన్ను తిట్టలేదు. తిట్టుంటే నాకు సుఖంగా ఉండేది. పట్టాల మీద నుంచి చూపు తీయకుండానే అన్నాడు.

"రెండేండ్లాయె దాని ఈల విని. యాదికి తెచ్చుకుందామంటే వస్తలేదు. నువ్వు రోజూ విన్నవుగద. ఎట్లుంటది?"

ఏ చప్పుడు వింటే నా ఒంట్లో కారం రాసినట్టుండేదో, ఆ చప్పుడు ఇప్పుడు ఆ మనిషి కోసం నా నోటితో చేయాలి. ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనే ముందుకు వంగి చెంప ఆనించాడు. మా కాపురంలో అదే మొదటిసారి. అది నా కోసం కాదని నాకు తెలుసు, అయినా కదల్లేదు.

నేను ఈల మొదలుపెట్టాను. ముందు సన్నగా, పైన. తర్వాత కొద్దికొద్దిగా కిందకి. ఊపిరి అయిపోతే పీల్చుకుని అందుకున్నాను. ఒక్క స్వరం తప్పలేదు, దాన్ని నాకంటే బాగా విన్నవాళ్ళు లేరు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నా చెవి పక్కన ఆయన పెదవులు కదలడం మొదలైంది, ఒకటి, రెండు, మూడు. యాభై ఒకటి దగ్గర ఆ పెదవులు ఆగాయి.

నేను ఆపలేదు. నూట పది దాకా లాగాను.